పోలరాజు ఆపి వెళ్ళిన ఓడ

రెజిమెంటల్ బజార్‌లో చీరలకు ఫాల్ కుట్టి పీకో చేసే అప్పలలక్ష్మికి సముద్రమంటే భయం. అది అంతా ఇంతా భయం కాదు. భీమిలి దగ్గర, చేపల వేట మీద బతికే పల్లెలో పుట్టిన మనిషి. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ అలల హోరు విన్న మనిషి. అలాంటిది, ఆ హోరు వినపడని ఊరెక్కడుంటే అక్కడ కాపురం పెడదామని పెళ్ళయిన కొత్తలోనే మొగుడి దగ్గర భీష్మించుకు కూర్చుంది. కూర్చోదా మరి? చిన్నప్పుడు తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, తెప్పా రాలేదు. చచ్చాడని ఏడవడానికి లేదు, బతికున్నాడని స్థిమితంగా ఉండడానికీ లేదు. వాళ్ళమ్మ సముద్రం వైపు చూస్తూనే వంట చేసింది, చూస్తూనే పిల్లలకి అన్నం పెట్టింది. ఆ చూపు తనకొద్దనుకుంది అప్పలలక్ష్మి.

"నువ్వు ఓడెక్కితే ఎక్కు మావా, నాను అడ్డం రాను. నన్ను మాత్రం నీళ్ళు కనపడని ఊళ్ళో దించీసి ఎళ్ళు" అంది.

పోలరాజు సరుకు ఓడల్లో ఇంజను గదిలో పనిచేసేవాడు. పెళ్ళాం మాటకి ఎదురు చెప్పి ఎరగడు. తమ్ముడు కల్యాణ్ సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉండి బడికి వెళ్తున్నాడు కాబట్టి అక్కడే జ్ఞానమణి టీచర్ గారింట్లో వెనక వాటా తీసుకున్నారు. ఇక చూడండి, ఇరవై ఏళ్ళు అప్పలలక్ష్మి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ట్యాంక్‌బండ్ మీదుగా బస్సు వెళ్తుంటే మాత్రం తల దించుకుని చేతి సంచీలో ఏదో వెతుక్కునేది. అవి ఏపాటి నీళ్ళని అందరూ నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, ఆమెకేం.

సముద్రం మానాన సముద్రాన్ని వదిలేసి ఇంత దూరం పారిపోయి వస్తే, అదైనా ఊరుకుందా? ఊరుకోలేదు. మొగుడి పెట్టెలో కూర్చుని ఇంట్లోకొచ్చింది.

అప్పట్లో ఊరంతా కంప్యూటర్ల గోల. అమీర్‌పేటలో గోడ కనపడకుండా కోర్సుల బోర్డులు. కల్యాణ్ మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాడు. కూతురు దేవిక డిగ్రీ చదువుతూ సాయంత్రాలు జావా నేర్చుకోవడానికి పోతోంది. ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే బాగుణ్ణని ఆ పిల్ల అడిగిందే పాపం, పోలరాజు ఏదో రేవులో పాత సామాన్ల కొట్టులో దొరికిందని ఒకటి మోసుకొచ్చాడు. దానికి తెర లేదు, డబ్బా లేదు. లావుపాటి కీబోర్డే కంప్యూటరట. టీవీకి తగిలించాలి, పక్కన ఒక టేప్‌రికార్డర్ పెట్టి అందులో క్యాసెట్ వెయ్యాలి. అది కీచుకీచుమని అరిచినంతసేపు అరిచి, బుద్ధి పుడితే ఆట వస్తుంది, లేకపోతే లేదు.

"ఇది మ్యూజియంలో పెట్టాల్సింది అన్నయ్యా. నేను బడికెళ్ళే రోజుల నాటి సరుకు" అని కల్యాణ్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. దేవిక మొహం మాడ్చుకుంది. పోలరాజు ఇవేమీ పట్టించుకోలేదు. వచ్చిన క్యాసెట్లలో ఒక్కటే సరిగ్గా ఆడేది, అది ఓడదొంగల ఆట. తెర నిండా నీలం నీళ్ళు, అక్కడక్కడా ఆకుపచ్చ దీవులు, మధ్యలో గోరంత తెల్ల ఓడ. మనమే కెప్టెన్. గాలి ఎటు వీస్తే అటు తెరచాప తిప్పుకోవాలి. ఎదురొచ్చిన ఓడల్ని కొట్టి దోచుకోవాలి, మనకంటే పెద్ద దొంగలొస్తే తప్పించుకోవాలి. కింద మూలన తిండి ఎంతుందో, ఓడలో మనుషులు ఎందరున్నారో అంకెలు. మొదట్లోనే కెప్టెన్ పేరు అడుగుతుంది. పోలరాజు తన పేరే కొట్టుకున్నాడు.

అప్పలలక్ష్మి మొదట ఆ గదిలోకే రానంది. తర్వాత గుమ్మంలో నిలబడి చూసింది. చివరికి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎందుకంటే, ఆయన ఇంట్లో ఉండేదే కొన్నాళ్ళు. ఆ కొన్నాళ్ళూ ఆయన కూర్చున్న చోట కూర్చోవడమే ఆమెకి సుఖం. మొగుడు చేతికి కీబోర్డు ఇస్తే మాత్రం ఆట తీరే మార్చేసేది. ఎవరినీ దోచుకునేది కాదు. ఈ దీవిలో చక్కెర ఎక్కించి ఆ దీవిలో దించేది. నల్ల జెండా ఓడ కనిపిస్తే చాలు, వెనక్కి తిప్పి దొరికిన రేవులోకి పరుగు.

"దొంగల ఆటలో యాపారం సేస్తావేటే లచ్చిమీ" అని పోలరాజు నవ్వేవాడు.

"ఒకడి సొమ్ము మనకెందుకు? బేగి ఇంటికొస్తే సాలదేటి" అనేది.

రెండువేల సంవత్సరం జూలైలో అతనికి మళ్ళీ ఓడ పిలుపు వచ్చింది. ముంబయి రైలుకి టైమైపోతోంది, బయట ఆటో ఆగి ఉంది, కల్యాణ్ కేకలేస్తున్నాడు. పోలరాజు బూట్లు వేసుకుని కూడా ఆట ముందు నుంచి లేవలేదు. ఓడ నడిసముద్రంలో ఉంది. ఆఖరికి ఒక మీట నొక్కి ఆట ఆపాడు. ఓడ ఉన్నచోటే నిలబడిపోయింది. "దీన్ని ముట్టుకోకే. నాను వచ్చేదాకా ఇలాగే ఉండనీ, వచ్చి మిగతాది ఆడతాను" అని పెళ్ళాం బుగ్గ గిల్లి ఆటో ఎక్కాడు.

వేళాకోళానికి అన్నాడు. అది ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఎవరికి చెప్పాడు? మొగుడు గడప దాటాక ఇల్లు కూడా చిమ్మని మనిషికి చెప్పాడు. ప్రయాణమై వెళ్ళినవాళ్ళు చేరేదాకా చీపురు పట్టకూడదని వాళ్ళ ఇళ్ళల్లో పట్టింపు. తల దువ్వుకోకూడదు, గుడ్డలు నానబెట్టకూడదు, పోయాడు అనే మాట నోటి వెంట రాకూడదు. అలాంటి మనిషి ఆ టీవీ వైపు చూసింది. ఆయన పేరున్న ఓడ, ఆయన బయల్దేరిన ఘడియలో, నడినీళ్ళలో ఉంది. దాని స్విచ్చి తన చేత్తో ఆపడమా?

స్టేషన్ నుంచి తిరిగొచ్చిన కల్యాణ్‌ని గుమ్మంలోనే పట్టుకుంది. "కరెంటు పోతే అదేటవుద్ది బాబూ?"

"పోతుంది వదినా. మళ్ళీ మొదట్నుంచి ఆడుకోవాలి. ఆ టేపులోకి దాచుకోవచ్చు గానీ, రికార్డు నొక్కితే అది టేపునే నమిలేస్తోంది కదా."

"అయితే కరెంటు పోకుండా సూడు."

"సికింద్రాబాద్‌లోనా?" అన్నాడు కల్యాణ్. నవ్వబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే వాళ్ళ ఆఫీసులో మూల పడేసిన యూపీఎస్ ఒకటి తెచ్చి తగిలించాడు. టీవీ ఆపేసి ఉంచితే ఈ చిన్న కంప్యూటర్‌ని చాలాసేపు లాగుతుందనీ, టీవీ కూడా పెడితే మాత్రం ఎంతోసేపు రాదనీ చెప్పాడు.

అలా మొదలైంది. పొద్దున లేచి దేవుడికి దీపం పెట్టగానే ఒకసారి టీవీ వేసి ఓడ ఉందా అని చూసుకునేది. ఉంటే ఆ రోజుకి గుండె నిమ్మళం. అడాప్టర్ కాలిపోతుందేమోనని దానికి టేబుల్ ఫ్యాన్ పెట్టింది, ఉక్కపోతలో తాను మాత్రం చెమటలు కక్కుతూ మిషను తొక్కింది. కరెంటు పోయి యూపీఎస్ కుయ్యిమన్నప్పుడల్లా చేతిలో చీర అక్కడే పడేసి పరుగెత్తేది. గల్లీలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. జ్ఞానమణి టీచరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏందమ్మా అప్పలలక్ష్మీ, మిషనుకి గిట్ల కాపలా కాస్తున్నవ్? జెర దేవుని మీద భారమేసి పండుకోరాదూ."

"దేవుడు పైనుంచి సూస్తాడమ్మా. ఇది నాను సూస్తన్నాను" అంది అప్పలలక్ష్మి.

సింగపూర్ చేరానని పోలరాజు ఫోన్ చేశాడు. ఫోన్ టీచరమ్మ ముందుగదిలో ఉండేది. ఆ తర్వాత ఇంకో రేవు నుంచి చేశాడు. ఓడ మళ్ళీ బయల్దేరుతోందనీ, దిగగానే చేస్తాననీ అన్నాడు. అంతే. దిగాల్సిన రోజు వచ్చింది, వెళ్ళింది. ఫోన్ రాలేదు. వానల వల్ల ఆలస్యమేమో అనుకున్నారు. ఇంకో వారం గడిచాక పేపర్లో లోపలి పేజీలో ఒక మూల నాలుగు ముక్కలు పడ్డాయి. మలక్కా వైపు వెళ్తున్న సరుకు ఓడ ఒకటి జాడ లేకుండా పోయిందనీ, సముద్రపు దొంగల పని అయ్యుంటుందనీ. కల్యాణ్ ముంబయిలో ఓడ కంపెనీ ఏజెంటుకి ఫోన్ చేశాడు. అవునన్నారు, అదే ఓడన్నారు. ఏమైనా తెలిస్తే చెప్తామన్నారు.

అప్పలలక్ష్మికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడవలేదు. నేరుగా వెళ్ళి టీవీ వేసింది. గోరంత తెల్ల ఓడ ఉన్నచోటే ఉంది. దాని ముందు నేల మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని అలా చూస్తూ కూర్చుంది. దేవిక కాలేజీ నుంచి వచ్చేదాకా లేవలేదు.

అదే ఓడ మీద వాళ్ళ పల్లె మనిషి ఇంకొకడున్నాడు, జీవరాజు అని, పైన తాళ్ళూ గొలుసులూ చూసుకునే పని. పోలరాజే ఇప్పించాడు ఆ పని. అతని పెళ్ళాం కాంతమణి భీమిలిలో ఎస్టీడీ బూత్ నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ ఉండేది కాదు. "ఏటైనా తెలిసిందేటి వదినా?" అని ఒకరు. "లేదే అమ్మా" అని ఇంకొకరు. కాసేపు ఒకరి ఊపిరి ఒకరు వినేవారు. తన దగ్గర ఓడ ఒకటి ఉందని మాత్రం అప్పలలక్ష్మి ఆమెకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్తాం, భయం మనిషిని పిసినారిని చేస్తుంది.

ఆగస్టులో ఆ వాన వచ్చింది. హైదరాబాద్ పుట్టినప్పటి నుంచీ అలాంటి వాన లేదని ఈనాటికీ చెప్పుకుంటారు. తెల్లారేసరికి గల్లీ కాలవైపోయింది. నీళ్ళు కనపడని ఊరు కావాలని వచ్చిన మనిషి గుమ్మంలో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. ఫోన్ మూగబోయింది. కల్యాణ్ రాత్రి డ్యూటీకి వెళ్ళి మాదాపూర్‌లోనే చిక్కుకుపోయాడు. కరెంటు ఎప్పుడో తెల్లవారుజామున పోయింది. యూపీఎస్ ఉండుండి కుయ్యిమంటూనే ఉంది, మధ్యాహ్నానికి ఆ కూత దగ్గర దగ్గరగా పడసాగింది.

"ఇంక ఎక్కువసేపు రాదమ్మా" అంది దేవిక. పొద్దున్నించీ తల్లి పక్కనే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఇన్నాళ్ళూ కరెంటు పోతుందేమోనన్న భయమొక్కటే. ఇప్పుడు అది నిజంగా పోబోతుంటే, కొత్త భయం ఒకటి పుట్టింది. ఓడ మునగలేదు, సరే. చేరిందా? చేరలేదు. మునగకుండా, చేరకుండా నడినీళ్ళలో నిలబెట్టి ఉంచింది తనే కదా. తండ్రి కూడా అలాగే ఉండిపోయాడు. మునిగాడని ఎవరూ చెప్పలేదు, ఒడ్డుకీ రాలేదు. ఆ రాత పోలరాజుకి తన చేత్తో తనే రాస్తోందా?

"దేవీ, టీవీ తగిలించు."

"టీవీ పెడితే బ్యాటరీ..."

"తగిలించే గుంటా. ఒడ్డుకి తెచ్చీస్తాను."

తెర వెలిగింది. ఆమె మీట నొక్కింది. ఇన్ని వారాలుగా కదలని ఓడ కదిలింది. తెరచాప తిప్పింది. దగ్గర్లో ఉన్న దీవి కుడివైపు, గాలేమో ఎడమవైపు. తిండి అంకె తరుగుతోంది. బయట వాన, లోపల కూత, వాటి మధ్య ఆమె పెదాలు గంగమ్మ తల్లి పేరు తలుచుకుంటూనే ఉన్నాయి. దీవి దగ్గరయింది. రేవు కనిపించింది. అప్పుడే పక్కనుంచి నల్ల జెండా ఓడ వచ్చింది.

"తిప్పమ్మా, వెనక్కి తిప్పు."

తిప్పలేదు. తిప్పడానికి టైమెక్కడుంది? నల్ల ఓడ వచ్చి ఒరుసుకుంది. తెర మారిపోయి ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. అప్పలలక్ష్మికి ఆ ముక్కలు రావు. "ఏటంటాది? బేగి సదువు."

దేవిక గబగబా చదివింది. "పోరాడతావా అని మొదటిది. ఓడని అప్పగిస్తావా అని రెండోది. మూడోది... మనుషుల్ని చిన్న పడవలోకి దించేసి, ఓడ తేలికయ్యాక తప్పించుకుంటావా అంటోంది."

"మీ నాన్న?"

"కెప్టెన్ ఓడలోనే ఉంటాడమ్మా. మిగతావాళ్ళని దించెయ్యాలి."

"మీ నాన్న ఉంటాడు కదా?"

"ఉంటాడు. కానీ అమ్మా, వాళ్ళు..."

"దించెయ్" అంది అప్పలలక్ష్మి. కూతురు కదలకపోయేసరికి తనే చెయ్యి చాచి మూడో అంకె నొక్కింది.

కింద మూలన మనుషుల అంకె గబుక్కున పడిపోయింది. ఓడ ముందుకు దూకినట్టు వెళ్ళింది. నల్ల ఓడ వెనకబడింది. రేవు, గుడిసెలు, జెండా, ఒడ్డు. ఒడ్డు తగిలిందని చిన్న పాట మోగింది. ఆ పాట పూర్తికాకుండానే టీవీ చీకటైపోయింది, యూపీఎస్ కూత ఆగిపోయింది.

అప్పలలక్ష్మి కూతుర్ని వాటేసుకుని భోరున ఏడ్చింది. "ఒచ్చీసినాడే. మీ నాన్న ఒడ్డుకొచ్చీసినాడు" అంటూనే ఉంది. దేవిక కళ్ళు మాత్రం చీకటి తెర మీదే ఉన్నాయి.

ఫోన్లు బాగుపడ్డ రోజు, మధ్యాహ్నం వేళ, టీచరమ్మ కేకేసింది. అప్పలలక్ష్మి ఒట్టి కాళ్ళతో బురదలో పడి పరుగెత్తింది. గరగరమంటూ ఎక్కడో దూరం నుంచి పోలరాజు గొంతు. బతికే ఉన్నాడు. ఏదో దేశపు ఆసుపత్రిలో ఉన్నాడట. కత్తులతో ఎక్కారట. ఇంజను నడిపేవాళ్ళు కావాలి కాబట్టి తననూ ఇంకొకడినీ ఉంచుకున్నారట. కోస్ట్‌గార్డు వెంటపడితే దొంగలు ఓడని వదిలేసి పారిపోయారట. ఆ మాటలు వింటూ ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, టీచరమ్మ చేతులు పట్టుకుని ఊపేస్తోంది.

"మిగతావోళ్ళో మావా?"

"పడవలో దించీసినారే. నా కళ్ళ ముందే. జీవరాజు నన్ను సూస్తానే దిగినాడు. ఆ పడవ ఇంకా దొరకలేదు."

అప్పలలక్ష్మి నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "ఎప్పుడు దించినారు?" అని అడిగింది. అది తప్ప ఇంకేం అడగాలో ఆమెకి తెలీలేదు.

దొంగలు ఓడ ఎక్కిన రాత్రే దించారట. అంటే వానకి చాలా ముందు. ఆమె ఆ అంకె నొక్కడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. లెక్క ప్రకారం ఆమె తప్పు ఆవగింజంత కూడా లేదు. లెక్క ఎవడిక్కావాలి? దించెయ్ అన్న మాట ఆమె నోట్లోంచి వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వచ్చింది. అలాంటి మాట తన నోట్లో ఉందని ఆమెకి అంతవరకూ తెలీదు, ఇప్పుడు తెలిసింది. సముద్రమంటే ఉన్న భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఫోన్ పెట్టేసి, టీచరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగలేక ఆ గదిలోనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఎవరో తెలుసు. దేవిక తీయబోతే వద్దని తనే తీసింది.

"వదినా, అన్న ఫోన్ సేసినాడటగా. ఏజెంటు సెప్పినాడు." కాంతమణి గొంతు కీచుగా ఉంది. "మా ఆయన గురించి ఏటన్నాడు?"

అప్పలలక్ష్మి దాచలేదు. పడవ సంగతి చెప్పింది, ఇంకా దొరకలేదని చెప్పింది. అటువైపు ఏడుపు వినిపించలేదు. అది మరీ భయంగా ఉంది. అందుకే కాబోలు, అడగకుండానే మిగతాది కూడా వచ్చేసింది.

"కాంతమణీ, నాను నా మొగుడొక్కడి కోసమే మొక్కినానే. మీ ఆయన పేరు ఒక్కసారీ తలుచుకోలేదు. మా ఆయనొస్తే సాలనుకున్నాను, ఇంకెవరేటైపోయినా."

బూత్ బయట ఎవరిదో స్కూటరు శబ్దం వినిపించింది. తర్వాత కాంతమణి మెల్లిగా అంది. "నానూ అంతే వదినా. మీ ఆయన్ని ఉంచుకుని మా ఆయన్ని పంపించీమన్నాను గంగమ్మని. అలాగే మొక్కినాను."

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. తిట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. అప్పలలక్ష్మే అడిగింది.

"పడవలో ఎవరెవరున్నారే? నీకు తెలిసినోళ్ళ పేర్లు సెప్పు. ఇద్దరం కలిసి అందరికీ మొక్కుదాం."

"అందరి పేర్లూ నాకు తెల్దు వదినా."

"తెలీకపోతే పనేటో సెప్పు. అమ్మకి తెలుస్తాది."

జ్ఞానమణి టీచరమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. కాంతమణి చెప్పడం మొదలుపెట్టింది. బెంగాలీ వంటవాడు. కొత్తగా చేరిన కేరళ అబ్బాయి. ఈసారి రానన్నవాడల్లా కూతురి పెళ్ళి ఖర్చుకని మళ్ళీ వచ్చిన పెద్ద మనిషి. ఒక్కొక్కరినీ ఆమె చెప్తుంటే అప్పలలక్ష్మి వెనకే పలికింది. తన మొగుడి పేరు కాంతమణి అందరికన్నా ఆఖర్న చెప్పింది.